ఆరోగ్యవరం దారిలో

పిల్లల కొరకు డబ్బు అడగడమెలా అన్న ప్రశ్న మన సంఘాలలో ఏటేటా వచ్చేదే. బోర్డింగు పైకప్పు కారుతుంది. బియ్యం నెలాఖరుకు ముందే అయిపోతుంది. పరీక్ష ఫీజు గడువు దగ్గరపడుతుంది. కమిటీలో పెద్దలందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అడగకపోతే పిల్లల కడుపు నిండదు. అడిగే తీరు బాగోకపోతే ఆ పిల్లల మనసు నొచ్చుకుంటుంది. ఈ రెంటి మధ్య దారి ఎక్కడున్నదో చూద్దామని మేము నలుగురం ఈమధ్య తిరుపతిలో బయలుదేరి, మదనపల్లె వెళ్ళి, పుంగనూరు, పలమనేరుల మీదుగా చిత్తూరు చేరుకున్నాము. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాను 2022లో విడదీశారు గనుక ఇప్పుడు ఈ ఊళ్ళన్నీ ఒకే జిల్లాలో లేవు. మా ప్రయాణానికి మాత్రం పాత జిల్లాయే హద్దు.

తిరుపతి అడగడం తెలిసిన ఊరు. ఈ మాట మేము తక్కువ చేసి అనడంలేదు. కొండకు మొక్కుకున్నవారు, ఇంట్లో ఉన్నవారైనా సరే, పసుపు బట్ట కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, పిడికెడు బియ్యమో రూపాయో అడిగి, ఆ సొమ్ముతో ప్రయాణం చేసే ఆచారం రాయలసీమ పల్లెల్లో ఇంకా చచ్చిపోలేదు. పెట్టేవారికి పుణ్యమనీ, అడిగేవారికి అహంకారం అణుగుతుందనీ పెద్దలు చెప్పేవారు. కష్టం వచ్చినప్పుడు పసుపు గుడ్డలో నాణెం ముడివేసి దేవుని గూటిలో పెట్టడం, దానినే ముడుపు అనడం మనందరికీ తెలిసినదే. విశ్వాసం వేరైనా, ఇవ్వడంలో ఇక్కడి ప్రజల చేతివాటం మనకు పరాయిది కాదు. దేవస్థానంవారు అనాథ పిల్లల కొరకు 1943లో బాలమందిరం స్థాపించారు. 2021లో తిరుపతిలో పిల్లల గుండె ఆసుపత్రి తెరిచి, ఆ మరుసటి ఏడు పిల్లల పెద్దాసుపత్రి నిర్మాణానికై కోటి రూపాయల సేవా టికెట్లు ప్రకటించారు. కోటి రూపాయలు! అది శ్రీమంతుల లెక్క. మేము వెదుకుతున్నది పదిరూపాయల లెక్క.

పదిరూపాయలకంటే పాతది, రూపాయి కూడ అక్కరలేనిది మరొక లెక్క తెలుగునాట ఉండేది. దానిపేరు వారాలు. చదువుకోవడానికి పట్నం వచ్చిన పేద పిల్లవాడు సోమవారం ఒక ఇంట, మంగళవారం మరొక ఇంట, ఇట్లా ఏడు ఇళ్ళు కుదుర్చుకుని భోజనం చేసేవాడు. ఏ ఇంటికీ వారానికి ఒక విస్తరి కంటే భారం లేదు. ఏడు ఇళ్ళు కలిస్తే ఒక పిల్లవాడి చదువు. కమిటీ లేదు, రసీదు పుస్తకం లేదు. ఎవరో సామాన్య గృహిణి కనిపెట్టిన ఈ పద్ధతికి మించిన పథకం ఎంత చదువుకున్నవారైనా వేయగలరా అనిపిస్తుంది. అయితే దీనికి మరొక ముఖం కూడ ఉన్నది. ఆ పిల్లవాడు ప్రతిరోజూ ఒకరి గడపలో నిలబడాలి. కొన్ని ఇళ్ళలో తల్లి కొడుకుతో సమానంగా పీట వేసి కూర్చోబెట్టేది. కొన్ని ఇళ్ళలో అందరూ లేచిన తరువాత వసారాలో పెట్టేవారు. 'వారాలబ్బాయి' అన్నమాట కొందరి నోట ముద్దుగాను, కొందరి నోట వెక్కిరింతగాను పలికేది. అదే అన్నం, అదే పిల్లవాడు. పెట్టే తీరులోనే తేడా అంతా.

ఈ మాటలు చెప్పుకుంటూనే చంద్రగిరి కోట దాటాము. భాకరాపేట ఘాట్ మలుపులలో మాటలు ఆగిపోయాయి, ఎందుకంటే మాలో ఇద్దరికి కడుపులో తిప్పడం మొదలైంది. పీలేరులో దిగి టీ తాగిన తరువాతగాని ప్రాణం కుదుటపడలేదు. వాయల్పాడు దాటాక గాలి మారుతుంది. మదనపల్లె సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైన ఉన్న ఊరు. రోడ్డువెంట టమాట పెట్టెల లారీలు వరుసగా కనబడితే మదనపల్లె దగ్గరపడిందని అర్థం. ఇక్కడి టమాట మార్కెట్టు దేశంలో పేరుమోసినది. రవీంద్రనాథ్ టాగోర్ 1919లో ఇక్కడి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి, జనగణమనకు ఇంగ్లీషు అనువాదం వ్రాశారని ఊరివారు గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవలసినదే. కాని మేము వచ్చిన పని ఊరికి కొద్ది మైళ్ళ అవతల ఉన్నది.

ఆరోగ్యవరం అన్న పేరే ఎంత బాగుందో చూడండి. క్షయరోగానికి మందు లేని రోజులలో, 1912లో, అనేక మిషనులు తమ వేరువేరు జెండాలు పక్కనబెట్టి, కలిసి ఇక్కడ శానిటోరియం ప్రారంభించాయి. అందుకే దాని పేరులో యూనియన్ అన్నమాట వచ్చింది: యూనియన్ మిషన్ ట్యూబర్క్యులోసిస్ శానిటోరియం. తొలి పర్యవేక్షకుడు డెన్మార్కు దేశపు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. ఆ రోజులలో వైద్యమంటే మూడే: గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం. రోగి నెలల తరబడి, కొందరైతే సంవత్సరాల తరబడి, మంచం మీద ఉండవలసి వచ్చేది. ఒక తల్లి రెండేళ్ళు ఆరోగ్యవరంలో ఉంటే ఇంట్లో పసిపిల్లలను చూసేదెవరు? తండ్రి ఉంటే జీతం వచ్చేదెక్కడనుండి? క్షయ ఆసుపత్రికి ఇచ్చే కానుక పిల్లలకు ఇచ్చే కానుకేనని ఆ రోజులలో ఎవరికీ వేరుగా చెప్పనక్కరలేదు.

చెట్లనీడన నడుస్తూ ఆ డాక్టరుగారి స్వదేశం సంగతి మాట్లాడుకున్నాము. ఎందుకంటే సామాన్యుడు పిల్లల కొరకు డబ్బు కూడబెట్టిన విధానాలలో మాకు తెలిసినంతలో అతి తెలివైనది ఆ దేశంలోనే, ఆయన ఇక్కడకు రావడానికి కొద్ది సంవత్సరాల ముందే పుట్టింది.

కోపెన్‌హేగన్ పోస్టాఫీసులో ఐనార్ హోల్బెల్ అనే గుమాస్తా ఉండేవాడు. 1903 డిసెంబరులో క్రిస్మస్ ఉత్తరాల కట్టలు ముందేసుకుని వేరుచేస్తుండగా ఆయనకొక ఆలోచన తోచింది. ఈ ఉత్తరాలు ఇన్ని లక్షలున్నాయి గదా, ప్రతి ఉత్తరం మీద తపాలా బిళ్ళతోబాటు మరొక చిన్న బిళ్ళ అంటిస్తే? దానికి రెండు 'ఓర్' ఖరీదు పెడితే? ఆ దేశపు నాణేలలో అది అల్పమైన సొమ్ము. ఆ డబ్బుతో క్షయ సోకిన పిల్లలకు ఆసుపత్రి కట్టవచ్చు గదా! పై అధికారులు ఒప్పుకున్నారు. రాజుగారు కూడ ఒప్పుకుని, కీర్తిశేషురాలైన తన భార్య లూయీసా రాణి బొమ్మ ఆ బిళ్ళ మీద వేయమన్నారు. 1904 క్రిస్మస్‌కు నలభై లక్షలకు పైగా బిళ్ళలు అమ్ముడుపోయాయి. ఆ డబ్బుతో కోల్డింగ్ అనేచోట సముద్రపుపాయ ఒడ్డున పిల్లల శానిటోరియం కట్టి 1911లో తెరిచారు.

ఇక్కడ మేము కొంచెం ఆగి ఆలోచించాము. ఆ బిళ్ళ మీద ఉన్నది రాణిగారి బొమ్మ. దగ్గుతున్న పిల్లవాడి బొమ్మ కాదు! చిక్కి శల్యమైన చేతులు లేవు, కన్నీళ్ళు లేవు. కొన్నవాడు తనకు తెలిసినవారికి పండుగ శుభాకాంక్షలు పంపుకున్నాడు, అంతే. ఆసుపత్రిలో ఉన్న పిల్లవాడికి ఆ బిళ్ళలు కొన్నవారిలో ఒక్కరికీ తన ముఖం చూపించవలసిన పని లేకపోయింది.

అమెరికాలో ఇది 1907లో మొదలైంది. డెలావేర్ రాష్ట్రంలో ఒక చిన్న క్షయ ఆసుపత్రి మూతపడే స్థితికి వచ్చింది. మూడువందల డాలర్లు ఉంటే నిలబడుతుంది. ఎమిలీ బిస్సెల్ అనే ఆమె, డెన్మార్కు సంగతి ఒక పత్రికలో చదివి, స్నేహితుల దగ్గర నలభై డాలర్లు అప్పుచేసి యాభైవేల బిళ్ళలు అచ్చువేయించి, పోస్టాఫీసు వసారాలో బల్ల వేసుకుని కూర్చున్నది. ఒక్కొక్కటి ఒక పెన్నీ. మొదట అమ్మకాలు అంతంతమాత్రం. తరువాత ఫిలడెల్ఫియాలోని ఒక పత్రిక ఆమె పక్షాన నిలిచింది. ఆ పత్రికాఫీసు బల్ల దగ్గరకు వీధిలో పేపర్లు అమ్ముకునే చిరిగిన చొక్కా కుర్రవాడొకడు వచ్చి, పెన్నీ పెట్టి, మా ఇంట్లో తోబుట్టువుకు ఆ జబ్బే, నాకూ ఒకటివ్వండి అన్నాడని చెబుతారు. మూడువందలు కావలసినచోట మూడువేలు వచ్చాయి. ఆమె బిళ్ళ మీద కూడ రోగి లేడు. పండుగ పచ్చని ఆకుల దండ, క్రిస్మస్ శుభాకాంక్ష, అంతే.

మనదేశంలో క్షయ నివారణ సంఘం 1939లో ఏర్పడింది. టి.బి. సీల్ ఉద్యమం 1950లో మొదలైంది. మన చదువరులలో నడివయసు దాటినవారికి బడిలో మాస్టరుగారు బిళ్ళల కాగితం పంచడం, ఇంటికి పోయి చిల్లర అడిగి తేవడం గుర్తుండే ఉంటుంది. రెండు అడ్డుపట్టీల ఎర్ర శిలువ గుర్తు కూడ జ్ఞాపకముంటుంది. అది 1902లో బెర్లినులో క్షయవ్యతిరేక పోరాటానికి గుర్తుగా సూచింపబడినది. ఆ సీల్ మొదలైన రోజులలో భారత ప్రభుత్వానికి క్షయ విషయంలో సలహాదారుగా ఉన్న డాక్టర్ పి.వి. బెంజమిన్ అంతకుముందు ఈ ఆరోగ్యవరంలో పనిచేసినవారే. ఇంత దూరపు కొండ ఊరి ఆసుపత్రి దేశానికి ఎటువంటివారిని ఇచ్చిందో చూడండి.

మరొక సంగతి. మీ ఎడమ భుజం ఒకసారి తడిమి చూసుకోండి. బి.సి.జి. టీకా మచ్చ ఉన్నదా? 1948లో మనదేశంలో ఆ టీకాలు మొదట ప్రారంభించిన రెండుచోట్లలో మదనపల్లె ఒకటి, ఢిల్లీ రెండవది. అందరూ చప్పట్లు కొట్టి ఒప్పుకోలేదు. 1955లో రాజాజీ అంతటివారు ఈ టీకాను వ్యతిరేకిస్తూ పుస్తకమే వ్రాశారు. ఆ రోజులలో దేశమంతటా సాగిన ఈ టీకాల పనికి ఐక్యరాజ్య సమితివారి యునిసెఫ్ సహాయం చేసింది. యునిసెఫ్‌కు డబ్బెక్కడిది? ప్రభుత్వాలిచ్చినది సరే. సామాన్యులిచ్చినదాని కథ వినదగినది. యుద్ధంలో నలిగిపోయిన చెకొస్లొవేకియాలోని ఒక పల్లెలో, సహాయంగా పాలు అందుకున్న ఏడేళ్ళ పిల్ల జిట్కా సామ్కోవా, కృతజ్ఞతగా ఒక బొమ్మ వేసింది. కాగితం దొరకక గాజుపలక మీద వేసింది! ఎండలో స్తంభం చుట్టూ ఆడుకుంటున్న పిల్లలు ఆ బొమ్మలో ఉన్నారు. 1949లో యునిసెఫ్ దానినే తన మొదటి శుభాకాంక్షల కార్డుగా అచ్చువేసింది. సహాయం పొందిన పిల్లే చిత్రకారిణి అయినది. ఆమె దైన్యం అమ్ముడుపోలేదు, ఆమె పనితనం అమ్ముడుపోయింది. తరువాత 1979లో బొంబాయిలో రిప్పన్ కపూర్ అనే విమానోద్యోగి, ఆరుగురు స్నేహితులతో, యాభై రూపాయలతో ప్రారంభించిన 'క్రై' సంస్థ కూడ మొదట కార్డులు అమ్మియే ఎదిగింది. మన ఊళ్ళలో ఆ కార్డులు కొనని చదువుకున్న ఇల్లు ఉండేది కాదు.

ఇప్పుడు ఉత్తరాలే లేవు. కార్డులు కొనేదెవరు? బిళ్ళ అంటించడానికి కవరేదీ? శానిటోరియం అన్నమాట కూడ పాతబడింది. స్ట్రెప్టోమైసిన్ మొదలైన మందులు వచ్చాక, 1956లో మద్రాసులో ప్రారంభమైన పరిశోధన ఇంట్లో ఉండి మందు వేసుకున్నా ఆసుపత్రిలో ఉన్నంతగానే నయమవుతుందని చూపించాక, రోగులను సంవత్సరాల తరబడి కొండగాలికి పంపవలసిన పని తప్పింది. ఆరోగ్యవరం అన్ని జబ్బులకూ వైద్యమిచ్చే ఆసుపత్రిగా మారింది. డెన్మార్కువారి పిల్లల గృహాలు కూడ మారాయి. అక్కడ క్షయ తగ్గిపోయింది గనుక, బడిలో తోటివారు ఏడిపించగా కుంగిపోయినవారు, ఒంటరితనంతో బాధపడేవారు, అటువంటి పిల్లలను చేర్చుకుంటున్నారు. బిళ్ళ మాత్రం ఏటేటా వేస్తూనే ఉన్నారు. ఇక మనదేశంలో 2022నుండి ని-క్షయ్ మిత్ర అనే ఏర్పాటు ఉన్నది. ఎవరైనా సరే, ఒక వ్యక్తి గాని, ఒక సంఘం గాని, ఒక క్షయరోగికి కనీసం ఆరునెలలపాటు పప్పు, నూనె, ధాన్యంవంటి ఆహార దినుసులు సమకూర్చవచ్చు. మందు సర్కారుదే. పుష్టికరమైన ఆహారం అన్న పాత ఆరోగ్యవరం వైద్యం తిరిగి సామాన్యుల చేతికి వచ్చినట్లయింది. మన స్త్రీల మైత్రివారు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో విచారిస్తే వివరాలు చెబుతారు.

మదనపల్లె నుండి పుంగనూరు బస్సెక్కాము. నడుమెత్తు కూడ ఉండని పుంగనూరు ఆవును చూడాలని మాలో ఒకరి చిరకాల కోరిక, ఈసారి కూడ తీరలేదు. పలమనేరులో మట్టిబొమ్మలు చూశాము. చిత్తూరు ప్రాంతంలో రెండు సంఘాలలో రెండు ఆదివారాలు గడిపాము. పేర్లు చెప్పము, చెబితే ఒకరికి సంతోషం, ఒకరికి కష్టం.

మొదటి సంఘంలో ఆరాధన చివర బోర్డింగు పిల్లలను వేదిక ముందు వరుసగా నిలబెట్టారు. ఒక పెద్దమనిషి మైకు తీసుకుని, ఈ పిల్లకు తండ్రి లేడు, ఈ పిల్లవాడి తల్లి వదిలేసి వెళ్ళింది, వీడి తండ్రి తాగుబోతు అని ఒక్కొక్కరినీ చూపి చెప్పారు. ఆయన మనసు చెడ్డది కాదు. కంటతడి పెట్టుకునే చెప్పారు. సభలో చాలామంది ఏడ్చారు. పళ్ళెంలో నోట్లు నిండాయి. మూడవ వరుసలో పన్నెండేళ్ళ ఆడపిల్ల ఒకతె తన కుడికాలి బొటనవేలిని ఎడమకాలి మీద రాస్తూ నేలను చూస్తూ నిలబడింది. ఆమె బడి స్నేహితురాలు ముందు వరుసలో కుర్చీలో కూర్చుని ఉన్నది. రేపు సోమవారం వాళ్ళిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చోవాలి గదా! పళ్ళెంలో ఎంత వచ్చిందో మాకు తెలియదు. ఎంత వచ్చినా ఆ పిల్ల చెల్లించినదే ఎక్కువని మా అభిప్రాయం. తగిన కారణంతోనే, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫోటో పత్రికలలో ప్రకటించడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నిషేధించింది. చట్టం పత్రికలనూ టీవీలనూ అన్నది. మన మైకుల సంగతి మనమే చూసుకోవాలి. ఈ రోజులలో సెల్‌ఫోనులో ఏడుస్తున్న పిల్లల ఫోటోలు, వాటి కింద డబ్బు పంపే నంబరు, తెలియనివారు తెలియనివారికి పంపుతున్నారు. వాటిలో ఏది నిజమో ఏది మోసమో తేల్చడం కష్టం. నిజమైనవి అయితే మరీ బాధ.

రెండవ సంఘానికి వెళ్ళిన ఆదివారం అక్కడ కోతపండుగ. ఇది మన పాత ఆర్కాటు మిషను సంఘాలలోనే గాక తెలుగు సంఘాలన్నిటిలో ఉన్న పండుగే గనుక మీకు వర్ణించనక్కరలేదనుకోండి. అయినా వర్ణించకుండ ఉండలేము. మందిరం ముందు వేపచెట్టు కింద టార్పాలిన్ పరిచి దానిమీద పోసినవి చూస్తేనే కడుపు నిండింది. వేరుశనగ బస్తా ఒకటి, చింతపండు బుట్టలు, చిత్తూరు బెల్లం దిమ్మలు, రాగులు, అలసందలు, మునక్కాయల కట్టలు, కోడిగుడ్ల గంప, కాళ్ళు కట్టిన నాటుకోళ్ళు మూడు, ఒక మేకపిల్ల. ఒక ముసలమ్మ చిన్న గిన్నెలో నెయ్యి తెచ్చి పెట్టింది. ఇంట్లో ప్రతిపూట బియ్యం కడిగేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసిన స్త్రీలు ఆ కుండలు తెచ్చి ఒకే బస్తాలో వంచారు. మిజోరాం సంఘాలలో ఈ పిడికెడు బియ్యం 1910లో ప్రారంభమై అక్కడి సేవకు వెన్నెముకగా నిలిచింది. చేతిలో నాణెం లేని స్త్రీ కూడ ఇవ్వగలిగిన కానుక అది. ఇంటాయన అనుమతి కూడ అక్కరలేదు.

వేలంపాట పాడినవారు రిటైరైన బడిపంతులుగారు. వస్తువు పైకెత్తి పట్టుకోవడం, ధర చెప్పడం, ఎవరిని ఎట్లా కదిలించాలో తెలియడం ఒక విద్య.

"గుమ్మడికాయ! చూడండమ్మా, నలుగురు మోసేటట్లుండాది. నూరు రూపాయలు నా పాట. ఎవురన్నా ఉండారా?"

"నూటాయాభై!"

"నూటాయాభై ఎవురూ... టైలరన్న. అన్నా, మిషను తొక్కే కాలికి బలం రావాలంటే రెండునూర్లు!"

నవ్వులు. రెండువందలు. రెండువందల యాభై. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. టైలరుగారు డబ్బు కట్టి గుమ్మడికాయ ఎత్తుకుని రెండు అడుగులు నడిచి వెనక్కి వచ్చి, "మళ్ళీ పాడండి సార్" అని టార్పాలిన్ మీద పెట్టేశారు. ఈసారి ఆసుపత్రి నర్సమ్మగారు మూడువందలకు పాడుకున్నారు. ఆమె కూడ తిరిగి ఇచ్చేశారు. మూడవసారి, తమిళనాడులో పనిచేస్తూ పండుగకు ఇంటికొచ్చిన కుర్రాళ్ళు అయిదుగురు కలిసి ఐదువందలకు పాడారు. ఒక్క గుమ్మడికాయ వెయ్యిన్నీ యాభై రూపాయలు తెచ్చింది, ఇంకా చెక్కు చెదరకుండ కూర్చునే ఉన్నది. మార్కెట్టులో దాని ధరెంతో అందరికీ తెలుసు. ఎవరూ మోసపోలేదు. ఎవరూ ఏడవలేదు కూడ.

బోర్డింగు పిల్లలు ఈ సభలోనూ ఉన్నారు. ఎక్కడున్నారో మేము వెదకవలసి వచ్చింది, ఎందుకంటే వారు మిగతా పిల్లలతో కలిసి కోళ్ళ దగ్గర మూగి ఉన్నారు. కొంతసేపటికి ఇద్దరు మగపిల్లలు ఒక వెదురుబుట్ట మోసుకొచ్చారు. బోర్డింగు వెనుక స్నానాల నీళ్ళు పారేచోట వారే పెంచిన తోటకూర, కొత్తిమీర. పంతులుగారు వారి పేర్లు, కష్టాలు చెప్పలేదు. "ఇది మన బోర్డింగు తోటలోది. పురుగుమందు కొట్టలేదు. కట్ట ఇరవై!" అన్నారు. స్త్రీలు తోసుకుంటూ వచ్చారు. ఐదు నిమిషాలలో బుట్ట ఖాళీ. చివరి కట్ట కొరకు ఇద్దరు అక్కలు పోట్లాడుకుంటే, దానిని కూడ వేలం వేయవలసి వచ్చింది. పిల్లలిద్దరూ ఖాళీ బుట్ట తలమీద బోర్లించుకుని పరుగెత్తారు.

సాయంత్రం లెక్క చూసిన కోశాధికారిగారితో మాట్లాడాము. వెనుకటి రోజులలో బోర్డింగులకు విదేశాలనుండి వచ్చే సొమ్ము ఉండేది. విదేశీ విరాళాల చట్టం 1976లో వచ్చి, 2010లో మారి, 2020లో మరింత బిగిసింది. ఆ సొమ్ము ఢిల్లీలోని ఒకే బ్యాంకు శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. అందులో కార్యాలయ ఖర్చులు నూటికి ఇరవై దాటకూడదు. చిన్న సంస్థలు చాలావరకు ఆ దారి వదులుకున్నాయి. "అయితే ఏమి సార్, మన గుమ్మడికాయలు మనకుండాయి" అన్నారాయన, నవ్వుతూనే. కాని పుస్తకం చూపించినప్పుడు ఆయన నవ్వలేదు. కోతపండుగ, క్రిస్మస్ ముందు యౌవనస్తులు ఇల్లిల్లూ తిరిగి పాడిన పాటల కానుకలు, పిడికెడు బియ్యం, అన్నీ కలిపితే ఏడెనిమిది నెలల తిండికి సరిపోతుంది. మిగతా నాలుగు నెలలకు ప్రతి సంవత్సరం వెదుక్కోవలసిందే. కట్టెలు, కరెంటు, వంటమనిషి జీతం గుమ్మడికాయతో గడవవు. అయినా ఆయన ప్రతి రూపాయికీ రసీదు వ్రాస్తారు, లెక్క మందిరం తలుపు మీద అంటిస్తారు, పిల్లల గృహంగా చేయవలసిన రిజిస్ట్రేషను కాగితం అడిగినవారికి చూపిస్తారు. ఆ కాగితం అడగడం అనుమానించడం కాదు. పిల్లల గృహానికి ఇచ్చే ప్రతివారు అడగవలసినదే. ఆపదలో ఉన్న పిల్లవాడు కనబడితే 1098కు ఫోను చేయవచ్చునని కూడ ఆ తలుపు మీదే వ్రాసి ఉన్నది.

మేము బస్సుకు బయలుదేరేటప్పటికి చీకటి పడింది. బోర్డింగు వంటశాలలో దీపం వెలుగుతున్నది. మూడుసార్లు అమ్ముడుపోయిన గుమ్మడికాయను ఆ కుర్రాళ్ళు కూడ తీసుకుపోలేదు. వంటమనిషి దానిని పీట మీద పెట్టి, కత్తి చేతబట్టుకుని, చుట్టూ చేరిన పిల్లలను అడుగుతున్నది: "పులుసు చేసేదా, బెల్లమేసి కూర చేసేదా?" సగంమంది పులుసన్నారు, సగంమంది బెల్లమన్నారు. పాట మళ్ళీ మొదలైనట్లే ఉంది.